లాక్టోమీటరు మీది అంకె, గోడ మీది చార్టు

(వాడపల్లిలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక విశ్రాంత పర్యవేక్షకుడు చేసిన ప్రసంగ పాఠం)



శనివారం కాని రోజు చూసి ఈ సమావేశం పెట్టినందుకు కార్యదర్శిగారికి ముందుగా కృతజ్ఞత చెప్పుకోవాలి. ఏడు శనివారాల మొక్కు మొక్కుకున్నవారితో ఆ రోజున వెంకన్న గుడి చుట్టూ నిలబడటానికి చోటుండదు. నేను గొంతు చించుకున్నా మీకు వినిపించదు.

నన్ను పాల నాణ్యత గురించి మాట్లాడమన్నారు. పొదుగు కడగండి, పాత్రలు ఎండలో బోర్లించండి, పితికిన పాలను ఆలస్యం చేయక కేంద్రానికి తెండి అని మీకు లెక్కలేనన్నిసార్లు చెప్పి ఉంటారు. నేను మళ్ళీ చెప్పను. మీ పాలను కొలిచే సాధనాలకు, కొలిచే పద్ధతికి కొన్ని ప్రమాణాలున్నాయి. ఆ ప్రమాణాలు కాలాన్ని బట్టి మారుతూ ఉంటాయి. మారిన సంగతి ఢిల్లీ నుంచి మన సేకరణ కేంద్రం బల్ల దాకా వస్తున్నదా, రాకపోతే ఎవరు నష్టపోతున్నారు అన్నది ఇవాళ్టి విషయం. ఇది ఆఫీసు కాగితాల వ్యవహారం, మనకెందుకు అని మీకు అనిపించవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అనుకుని ఒక ఊళ్ళో ఇరవై ఇళ్ళవాళ్ళను దొంగలను చేశాను.

అది 1984 వానాకాలం. ఊరి పేరు చెప్పను, ఇక్కడికి ఎంతో దూరం లేదు. నేను కొత్తగా పర్యవేక్షకుడినయ్యాను. ఆ ఊరి సంఘంలో పాత లాక్టోమీటరు పగిలిపోయింది. కొత్తది కొని తెచ్చారు. దాని మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నది, చూసి సంతోషించాం. మరుసటి రోజు నుంచి ఆ ఊరి పాలు పలచబడ్డాయి. గేదె పాలలో వెన్న 6.5 వస్తున్నది కాని, వెన్న కాని ఘనపదార్థాలు, అంటే మనం ఎస్.ఎన్.ఎఫ్. అంటామే, అది 8.4, 8.5 దగ్గర ఆగిపోతున్నది. అప్పటి కల్తీ నిరోధక చట్టం ప్రకారం మన రాష్ట్రంలో గేదె పాలకు ఎస్.ఎన్.ఎఫ్. కనీసం 9 ఉండాలి. లెక్క కట్టి చూస్తే వందకు ఆరు పాళ్ళు నీళ్ళు కలిసినట్టు. వాన కురుస్తున్నది, గడ్డి పచ్చిది, ఊళ్ళోకి ప్రైవేటు పాలవాళ్ళు కొత్తగా దిగారు. ఊరంతా చెడిపోయిందని తీర్మానించాను. ఇరవై మంది పాసుపుస్తకాలలో ఎర్ర సిరాతో 'నీళ్ళు' అని రాయించాను. కొన్నింటిలో నా చేత్తోనే రాశాను. ధరలో కోత పెట్టాం.

పాడి ఎక్కువున్నవాళ్ళు తగాదా పెట్టుకోలేదు. మరునాటి నుంచి బిందెలు ప్రైవేటువాళ్ళ వైపు తిప్పారు. ఒక్క గేదె ఉన్న ఒక ముసలామె మాత్రం ఊరుకోలేదు. భర్త పోయిన మనిషి. తెల్లవారుజామున గేదెను, దూడను కేంద్రం దగ్గరకే తోలుకొచ్చి కొబ్బరిచెట్టుకు కట్టేసింది.

"నీళ్ళు నేను కలపలేదండి బాబూ. మీ మనిషి చేత పితికించండి. మీ చెంబే పెట్టండి. ఇంత వయసొచ్చాక నా పుస్తకంలో ఎర్రరాత రాస్తారా?" అన్నది.

పితికించాం. జనం గుమిగూడారు. పాలు చల్లారి నురగ దిగిన తరువాత మా టెస్టరు లాక్టోమీటరు వేశాడు. పఠనం 28. వెన్న తీశాడు, 6.5. గోడ మీది చార్టు చూశాడు. ఎస్.ఎన్.ఎఫ్. 8.44. మా కళ్ళ ముందే పితికిన పాలు! అక్కడ ఒక్కరూ మాట్లాడలేదు. నాకైతే తల ఎత్తి ఆమె ముఖం చూడటానికి ధైర్యం చాలలేదు.

ఆ రాత్రి శీతలీకరణ కేంద్రానికి వెళ్ళి రిజిస్టర్లు తిరగవేశాను. ఈ ఊరి నుంచి వచ్చిన క్యాన్ల పాలకు అక్కడి ప్రయోగశాలలో ప్రతి రోజూ 9.1 చొప్పున వస్తూనే ఉన్నది. ఊళ్ళో 8.4, అక్కడ 9.1. దారిలో పాలు చిక్కబడవు కదా! రెండు పుస్తకాలూ వారం వారం నా సంతకం కింద నడుస్తున్నవే. పక్కపక్కన పెట్టి చూసిన పాపాన పోలేదు. అందరి పాలూ ఒకే రోజున పలచబడితే అనుమానించవలసింది పాలను కాదు, కొలిచే సాధనాన్ని. ఆ మాత్రం ఇంగితం నాకు అప్పుడు లేదు.

జరిగినది ఏమంటే, పగిలిపోయిన పాత లాక్టోమీటరు 60 డిగ్రీల ఫారన్‌హీటు వద్ద గీతలు పెట్టినది. మన ఊళ్ళలో పాలు అంత చల్లగా ఎక్కడుంటాయి? 80 డిగ్రీల దగ్గరుంటాయి. అందుకని ప్రతి డిగ్రీకి 0.1 చొప్పున కలిపేవాళ్ళం. 29 కనిపిస్తే, రెండు కలిపి 31 అని రాసుకునేవాళ్ళం. దానిని నాలుగుతో భాగించి, వెన్న శాతంలో ఐదోవంతు కలిపి, ఆపైన 0.14 కలిపితే ఎస్.ఎన్.ఎఫ్. వస్తుంది. 7.75, 1.30, 0.14 కలిపి 9.19. గోడ మీది చార్టు ఈ లెక్కతోనే తయారైనది.

కొత్త లాక్టోమీటరు మన దేశపు ప్రమాణం ప్రకారం చేసినది. మన వేడి దేశానికి తగ్గట్టు 27 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గీతలు పెట్టినది. మన పాలు ఇంచుమించు ఆ వేడిలోనే ఉంటాయి గనుక దిద్దుబాటు దాదాపు అక్కరలేదు. టెస్టరు కుర్రవాడు తెలివైనవాడు. పెట్టెలో వచ్చిన చీటీ చదివి, రెండు డిగ్రీలు కలపడం మానేశాడు. అది సరైన పనే. కాని చార్టు పాతదే. 28ని పాత చార్టులో చూస్తే 7.00, 1.30, 0.14 కలిపి 8.44. 27 డిగ్రీల లాక్టోమీటరుకు వాడే సూత్రం వేరు. పఠనాన్ని నాలుగుతో భాగించి, వెన్నలో నాలుగోవంతు, ఆపైన 0.44 కలపాలి. అలా చేస్తే 9.06 వస్తుంది. డెయిరీలు తమ పాలను బట్టి ఈ చివరి అంకెలను కొద్దిగా అటూఇటూ మార్చుకుంటాయి. అది వేరే సంగతి. ఏ లాక్టోమీటరో దాని చార్టే ఉండాలన్నది మాత్రం మారదు. సాధనం కొత్తదీ, లెక్క పాతదీ అయితే, రెండూ పాతవైన దానికన్నా హాని ఎక్కువ. పాత లాక్టోమీటరు, పాత చార్టు అయినంత కాలం మాకు ఇబ్బంది రాలేదు గదా.

పాలకవర్గం ఒప్పుకుని, కోత పెట్టిన సొమ్మంతా తిరిగి ఇచ్చింది. ముసలామె డబ్బు లెక్కపెట్టి కొంగున ముడివేసుకుని, "ఇది సరేనండి, ఆ ఎర్రరాత ఎవరు చెరుపుతారు?" అన్నది. పాత పుస్తకం తీసుకుని కొత్తది ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆ ఎర్రరాత కిందనే 'పొరపాటు మాది' అని నా చేత రాయించి, సంతకం పెట్టించుకుని మరీ వెళ్ళింది. ప్రైవేటుకు వెళ్ళినవాళ్ళలో సగం మంది తిరిగి రాలేదు.

ఇక ప్రమాణాల సంగతి. 1947లో ఢిల్లీలో భారత ప్రమాణాల సంస్థ ఏర్పడింది. ఐ.ఎస్.ఐ. అని మనం పిలిచేది దానినే. 1986లో చేసిన చట్టంతో అది 1987 ఏప్రిల్ 1 నుంచి బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ అయింది. సంస్థ పేరు మారినా వస్తువు మీది గుర్తు ఐ.ఎస్.ఐ. గానే ఉండిపోయింది. ఆ సంస్థ ప్రతి ప్రమాణానికి ఒక నంబరు ఇస్తుంది. పాలలో వెన్న తీసే గెర్బరు పరీక్షకు 1224, లాక్టోమీటరుకు 1183, పశువుల దాణాకు 2052. మనవాళ్ళు నంబరు చూసి ఆగిపోతారు. నంబరు తరువాత ఒక సంవత్సరం ఉంటుంది. అసలు కీలకం అక్కడ ఉన్నది. గెర్బరు పరీక్ష ప్రమాణం మొదట 1958లో వచ్చింది. తరువాత దానిని భాగాలు చేసి, పాలకు సంబంధించిన మొదటి భాగాన్ని 1977లో సవరించి వేశారు. నంబరు అదే, లోపలి మాట వేరు.

ప్రతి ప్రమాణాన్నీ ఐదేళ్ళకు ఒకసారైనా తిరిగి చూడాలని నియమం. చూసి, మార్పు అక్కరలేదనుకుంటే 'పునర్నిర్ధారణ' అని సంవత్సరం వేస్తారు. 1977 నాటి కాగితం కింద ఏనాటిదో పునర్నిర్ధారణ సంవత్సరం కనిపిస్తే అది పాతబడలేదని అర్థం. చిన్న మార్పు అయితే సవరణ చీటీ వేస్తారు. ఇది చాలా మోసకారి. పుస్తకం అదే, సంవత్సరం అదే, చీటీ మాత్రం విడిగా వస్తుంది, ఎవరి ఫైలులోనో ఉండిపోతుంది. మార్పు పెద్దదైతే కొత్త సంవత్సరంతో మళ్ళీ అచ్చు వేస్తారు. ఒక్కొక్కసారి కొంత గడువు ఇచ్చి పాతదీ కొత్తదీ రెండూ చెల్లుతాయంటారు. గడువు దాటితే పాతది చెల్లదు. అక్కరలేనిదైతే ఉపసంహరిస్తారు. కొన్నిసార్లు నంబరే మారిపోతుంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థవారి గెర్బరు పరీక్ష చూడండి. 2446 అన్న నంబరుతో ఉన్నదానిని 2008లో సవరించి వేశారు. 2018లో అదే పరీక్షకు 19662 అనే కొత్త నంబరుతో ఇంకొకటి వచ్చింది. పాత నంబరు పట్టుకుని వెదికేవాడికి కొత్తది ఒకటున్నదని ఎలా తెలుస్తుంది?

లొల్ల లాకుల దగ్గర పుట్టి పెరిగినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. మీకు చెప్పనక్కరలేదు. నీటిమట్టం బోర్డును రాత్రికి రాత్రి జానెడు కిందికి దించి కట్టారనుకోండి. తెల్లారేసరికి కాలువలో నీరు జానెడు పెరిగినట్టే కనిపిస్తుంది. చేలోకి మాత్రం చుక్క కూడా అదనంగా రాదు.

మన సంఘంలో ఇప్పుడు ఎలక్ట్రానిక్ యంత్రం ఉన్నది, పాలు పోస్తే అర నిమిషంలో వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. చీటీ మీద వస్తున్నాయి, ఇంకా గాజుసామాను గొడవ ఎందుకండీ అని ఇందాక బయట ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. ఆ యంత్రం పాలలోకి శబ్దతరంగాలు పంపి, వాటి నడకను బట్టి అంచనా కడుతుంది. వెన్న అంటే ఏమిటో దానికి పుట్టుకతో తెలియదు. గెర్బరు పరీక్షతో పోల్చి మనమే దానికి నేర్పాలి. ఆవు పాలకు ఒక అమరిక, గేదె పాలకు ఒక అమరిక. అంటే యంత్రం చెప్పే మాటకు సాక్షి ఇప్పటికీ ఆ గాజు బ్యూటిరోమీటరే. సాక్షే తప్పితే యంత్రం కూడా తప్పే చెబుతుంది. తప్పును అచ్చువేసి మరీ ఇస్తుంది, జనం నమ్ముతారు.

గెర్బరు పరీక్షలో పోసే పాలు 10.75 మిల్లీలీటర్లు. ఆమ్లం 10, అమైల్ ఆల్కహాలు 1. పూర్వం 11 మిల్లీలీటర్ల పిపెట్లు కూడా వాడుకలో ఉండేవి. పావు మిల్లీలీటరే కదా అని అలాంటి పిపెట్టు ఒకటి ఎక్కడో బీరువాలో దొరికితే వాడామనుకోండి. 6 శాతం వెన్న ఉన్న పాలకు ఇంచుమించు 6.14 వస్తుంది. పోసినవాడికి సంతోషం. శీతలీకరణ కేంద్రంలో 6 కే డబ్బు వస్తుంది. తేడా సంఘం భరించాలి. ఏడాది చివర బోనసు ఎందుకు తగ్గిందని సర్వసభ్య సమావేశంలో కార్యదర్శిని నిలదీస్తారు. పాపం ఆయన పెన్సిలు పట్టుకుని లెక్కలు వెదుకుతాడు. తప్పు లెక్కల్లో ఉండదు, పిపెట్టులో ఉంటుంది.

చట్టం సంగతి కూడా అంతే. మన కేంద్రాలలో కొన్నింటిలో గోడ మీద ఇప్పటికీ 1954 నాటి కల్తీ నిరోధక చట్టం పేరుతో బోర్డులు వేలాడుతున్నాయి. ఆ చట్టం స్థానంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2011 ఆగస్టు 5 నుంచి అమలయ్యాయి. పాత చట్టం కింద మన రాష్ట్రంలో ఆవు పాలకు వెన్న 3.5, ఎస్.ఎన్.ఎఫ్. 8.5 ఉండాలి. కొత్త చట్టం కింద తరువాత చేసిన సవరణతో దేశమంతటికీ ఆవు పాలకు 3.2, 8.3 అన్నారు. ఇప్పుడు సంకరజాతి ఆవులు పెరిగాయి. 8.4 వచ్చిన ఆవు పాలను పాత బోర్డు చూపించి 'చట్టప్రకారం చెల్లవు' అని వెనక్కి పంపితే అది అన్యాయం. డెయిరీ తన కొనుగోలుకు వేరే పరిమితి పెట్టుకోవచ్చు, అది దాని ఇష్టం. అప్పుడు 'ఇది మా షరతు' అని చెప్పాలి గాని చట్టం పేరు చెప్పకూడదు. ఈ తేడా పాలు పోసేవారికి తెలిసి ఉండాలి.

దాణా గురించి కొంచెం చెబుతాను, ఇది డబ్బుతో పోయేది కాదు గనుక. దాణా బస్తా మీద ఐ.ఎస్. 2052 అని ఉంటుంది. 1979లో ఒకసారి, 2009లో మరోసారి దానిని సవరించారు. 2009 సవరణలో బూజు విషానికి, అంటే అఫ్లాటాక్సిన్ బి-1కు, కిలో దాణాకు 20 మైక్రోగ్రాములు మించకూడదని హద్దు పెట్టారు. మన కోనసీమ గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు. తుఫాను రోజుల్లో వేరుశనగ చెక్క రెండు వారాలు నేల మీద ఉంటే ఆకుపచ్చగా బూజు పడుతుంది. పడేయడానికి చేతులు రాక కాస్త ఎండబెట్టి గేదెకు పెడతాం. ఎండబెడితే బూజు రాలిపోతుందేమో గాని విషం పోదు. గేదె తిన్న విషంలో కొంత రూపు మార్చుకుని పాలలోకి వస్తుంది. కాచినా పోదు. పాలలో దానికి హద్దు కిలోకు అర మైక్రోగ్రాము. ఆ పాలు ముందుగా తాగేది మన ఇంట్లో పిల్లలే. కనుక బస్తా కొనేటప్పుడు నంబరు పక్కన సంవత్సరం ఏది, ఆ సంవత్సరం ఇంకా చెల్లుతున్నదా అని సంఘం తరఫున అడగండి. నేను 2009 అన్నానని అదే పట్టుకు కూర్చోవద్దు. నా మాట కూడా పాతబడుతుంది.

మరి ఇవన్నీ ఎవరు చూడాలి? పూర్వం ఇది నిజంగా కష్టమే. ప్రమాణం పుస్తకం కావాలంటే డబ్బు కట్టి తెప్పించుకోవాలి. జిల్లాకు ఒక ప్రతి ఉంటే గొప్ప. ఇప్పుడు ఆ బాధ లేదు. బ్యూరోవారి వెబ్‌సైటులో నంబరు కొడితే ఆ ప్రమాణం ఏ సంవత్సరానిది, ఎన్ని సవరణలు వచ్చాయి, చెల్లుతున్నదా, ఉపసంహరించారా అన్నీ కనిపిస్తాయి. మన దేశంలో తయారైన ప్రమాణాలను చాలా వరకు ఉచితంగా దింపుకోవచ్చు. ఐ.ఎస్.ఐ. గుర్తు నిజమైనదా కాదా తేల్చుకోవడానికి 'బి.ఐ.ఎస్. కేర్' అని ఫోనులో వేసుకునే యాప్ ఉన్నది. అమలాపురం, రావులపాలెం కాలేజీలకు వెళ్ళే పిల్లలు మీ ఇళ్ళలోనే ఉన్నారు. ఫోనులో వాళ్ళు చూసే దానిలో ఏడాదికి ఒక గంట సంఘానికి ఇమ్మనండి.

నేను అడిగేది ఒక పుస్తకం. ఇరవై పేజీల నోటుబుక్కు చాలు. లాక్టోమీటరు, పిపెట్టు, బ్యూటిరోమీటరు, యంత్రం, కాటా, దాణా, ఒక్కొక్కదానికి ఒక పేజీ. ఏ నంబరు, ఏ సంవత్సరం, ఏ సవరణ, ఎప్పుడు కొన్నాం, దానితోపాటు ఏ చార్టు వాడుతున్నాం. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖవారి చేత ఏటా ముద్ర వేయించాలి గదా, అదే వారంలో ఈ పుస్తకం కూడా తెరవండి. రెండు పనులకు రెండు రోజులు పెట్టుకుంటే ఒకటి మరచిపోతాం. పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయవద్దు. పరీక్ష బల్ల పక్కన మేకుకు తగిలించండి. పాలు పోసే ప్రతివారికీ దానిని తిరగవేసే హక్కు ఉన్నదని పాలకవర్గం తీర్మానం చేయాలి. టెస్టరుకు ఇది అవమానం కాదు. 1984లో ఆ ఊళ్ళో ఇలాంటి పుస్తకం మేకుకు ఉండి ఉంటే, ఆ ముసలామె మనవడు ఒక్కడు చదివి చెప్పినా నా పరువు దక్కేది.

పసుపు రంగు తిరిగిన చార్టు ఎక్కడ కనిపించినా నాకు చేతులు ఊరుకోవు. సమావేశానికి ముందు మీ కేంద్రంలోకి తొంగిచూశాను. అక్కడ ఉన్న చార్టు మీద ఏ లాక్టోమీటరుకు అన్నది చిరిగిపోయింది. కార్యదర్శిగారు నొచ్చుకోవద్దు. ఆయన వెంటనే మనిషిని పంపి చార్టు, లాక్టోమీటరు, సాయంత్రపు పాలు ఒక చెంబుడు తెప్పించారు. శీతలీకరణ కేంద్రం నుంచి వచ్చిన అధికారిగారు వారి లాక్టోమీటరు కూడా తెచ్చారు. నేను మాట్లాడటం ఆపుతాను. ముందు వరుసలోవారు కొంచెం జరిగి బల్లకు చోటివ్వండి. అమ్మా, మీరు ఇటు రండి, పఠనం మీరే చదువుదురుగాని.